శోకము - పగ - న్యాయాసనము

చావు జరిగిన యింటికి పరామర్శకు పోయివచ్చిన పెద్దలందఱును ఒక వింతను గమనించియే యుందురు. పదవనాటి యేడ్పుల నడుమ ఎవరో ఒకరు పోయినవాని చిన్ననాటి యల్లరిని జ్ఞప్తికి తెత్తురు. వినుచున్నవారికి కన్నీరు తుడుచుకొనుచుండగనే నవ్వు వచ్చును. ఆ నవ్వు శోకమును తక్కువ చేయదు. దానిని మఱింత లోతునకు దించును. ఆ చావు సహజమైనది కాక హత్యయే యైనచో, ఆ నవ్వు వెనుకనుండి మఱియొకటి తొంగిచూచును. అదియే పగ. శోకము, నవ్వు, పగ, ఈ మూడును ఒకే గడప లోపల కాపురముండగలవని 2017వ సంవత్సరమున వెలువడిన ఒక ఆంగ్ల చలనచిత్రము చూపినది. దాని పేరు 'త్రీ బిల్‌బోర్డ్స్ ఔట్‌సైడ్ ఎబింగ్, మిస్సోరీ'. ఎబింగ్ అను ఊరి వెలుపల నున్న మూడు ప్రకటన ఫలకములు అని దాని యర్థము. ఆ చిత్రమునకు 2,470 ఏండ్లకు పైబడిన వంశము కలదు. ఆ వంశచరిత్రను శ్రోతలకు విన్నవించుటయే నేటి ప్రసంగమున నా యుద్దేశము.

ముందుగా చిత్రకథను కొంత చెప్పవలసియున్నది. మిస్సోరీ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రములలో నొకటి. ఎబింగ్ మాత్రము కల్పితమైన ఊరు. చిత్రమును నిజముగా తీసినది నార్తు కరోలినా రాష్ట్రములోని సిల్వా అను చిన్న పట్టణమున. మిల్‌డ్రెడ్ హేస్ అను నడివయసు స్త్రీ కథానాయిక. ఆమె కుమార్తెను ఎవడో దుర్మార్గుడు చెఱచి, చంపి, తగులబెట్టెను. ఏడు నెలలు గడచినవి. పోలీసువారు ఒక్కనిని గూడ పట్టుకొనలేదు. ఊరి వెలుపల ఎవరును పట్టించుకొనక శిథిలమైన మూడు ప్రకటన ఫలకములు ఆమె కంటబడెను. ఆమె వానిని అద్దెకు తీసికొని, ఎఱ్ఱని నేలమీద నల్లని పెద్ద యక్షరములతో తన ప్రశ్నను వ్రాయించెను. తన బిడ్డకు జరిగినది ఒక ఫలకముపై, ఇంకను ఎవరిని నిర్బంధింపలేదే యను మాట రెండవ దానిపై, ఏల యని పోలీసు అధికారిని పేరుపెట్టి యడుగుట మూడవ దానిపై.

ఊరంతయు అట్టుడికినట్లుడికెను. ఆమెయందు జాలి గలవారు సైతము ఆమెకు ఎదురు తిరిగిరి. ఏలయనగా ఆ పోలీసు అధికారి, విల్లబీ యనువాడు, మంచివాడు. అంతేకాదు, క్లోమగ్రంథికి పుట్టిన పుండుచేత కొలది మాసములలో మరణింపనున్నవాడు. ఆ సంగతి ఊరివారందఱికిని తెలియును. ఆమెకును తెలియును. తెలిసియే వ్రాయించెను.

ఈ కథ ఇచట నిలువనిచ్చి మనము ప్రాచీన గ్రీకుదేశమునకు పోవుదము.

హత్య జరిగినచోట హతుని బంధువులు హంతకుని చంపుటయే ధర్మమని అనేక జాతులు ఒకప్పుడు తలచినవి. దానిలో నొక చిక్కు గలదు. చంపినవానిని చంపినవాడు మరల హంతకుడగును. వాని నింకొకడు చంపవలెను. ఈ గొలుసునకు తుది లేదు. ఏథెన్సు నగరమున ఇంచుమించు క్రీ. పూ. 621వ సంవత్సరమున డ్రేకో అను శాసనకర్త హత్యావిషయమున ధర్మమును వ్రాతలో నుంచెను. బుద్ధిపూర్వకముగ చేసిన హత్య వేఱు, అనుకొనకుండ జరిగిన హత్య వేఱు అని ఆ శాసనము విభజించెను. తీర్పు చెప్పు నధికారమును హతుని బంధువుల చేతినుండి తీసి న్యాయాధిపతుల చేతిలో పెట్టెను. డ్రేకో చేసిన శాసనములు మిక్కిలి క్రూరములని ప్రసిద్ధి. తరువాతివారు వానిలో దాదాపు అన్నిటిని రద్దుచేసిరి గాని, హత్యను గూర్చినదానిని మాత్రము నిలుపుకొనిరి. క్రీ. పూ. 409వ సంవత్సర ప్రాంతమున దానిని మరల ఱాతిమీద చెక్కించి బహిరంగ స్థలమున నిలిపిరి. ఆ ఱాయి నేటికిని ఏథెన్సులోని శాసనశాలయందు కలదు. శ్రోతలు ఒక సంగతిని గుర్తింతురు గాక. పగను మాన్పుటకు రాజ్యము చేసిన మొదటి పని, అందఱు చదువునట్లు పదిమంది తిరుగుచోట అక్షరములు వ్రాయించుట. మిల్‌డ్రెడ్ చేసిన పనియు నట్టిదే. రాజ్యము వ్రాసినది మాట ఇచ్చుటకు. ఆమె వ్రాసినది ఆ మాట ఏమాయెనని యడుగుటకు.

శాసనము వ్రాసినంత మాత్రమున మనస్సు మాఱునా? మాఱదని యెఱిగినవాడు ఏస్కిలస్ అను మహాకవి. క్రీ. పూ. 458వ సంవత్సరమున ఆతడు ఏథెన్సు ప్రజల యెదుట 'ఒరెస్టియా' అను మూడు నాటకముల మాలికను ప్రదర్శింపజేసెను. ఆర్గాసు రాజగు అగమెమ్నన్ ట్రాయి నగరముపై దండెత్తబోవగా గాలి ప్రతికూలించి ఓడలు కదలలేదు. గాలికొఱకు ఆతడు తన కూతురగు ఇఫిజెనియాను బలి యిచ్చెను. ఆమె తల్లి క్లైటెమ్నెస్ట్రా పదియేండ్లు మౌనముగ వేచియుండెను. భర్త జయించి ఇంటికి రాగా స్వాగతము పలికి, ఎఱ్ఱని వస్త్రములు పఱచి నడిపించి, స్నానశాలలో చంపివేసెను. ఆమెకు ప్రియుడు గలడు, రాజ్యకాంక్షయు గలదు. ఐనను ఆమె నోట మొదట వచ్చునది బిడ్డ పేరే. పిమ్మట కుమారుడగు ఒరెస్టీసు తండ్రి పగ తీర్చుకొనుటకై తల్లిని చంపెను. తల్లి నెత్తురు పిలువగా, పగకు అధిదేవతలైన ఎరినీలు ఆతనిని వేటాడిరి.

ఇంతటి ఘోరము నడుమ ఏస్కిలస్ ఒక ముసలి దాదిని రంగముమీదికి తెచ్చెను. ఒరెస్టీసు చనిపోయెనని వచ్చిన అబద్ధపు వార్తను విని ఆమె యేడ్చును. ఏడ్చుచు ఆమె చెప్పునదేమి? ఆ పసివానికి రాత్రులయందు తాను నిద్రమానుకొన్న సంగతి, వాడు పొత్తిగుడ్డలు తడుపగా తానే చాకలినియు తానే దాదినియు నైన సంగతి. రాజులు, దేవతలు, శాపములు నిండిన నాటకమున పొత్తిగుడ్డల మాట! ప్రేక్షకులు నవ్వియే యుందురు. కాని ఆ నాటకమంతటిలో నిజమైన కడుపుకోత వినిపించునది ఆ దాది మాటలలోనే. కన్నతల్లి పన్నాగములు పన్నుచుండగా పెంచిన దాసి యేడ్చుచున్నది. శోకమును హాస్యమును కలిపి వడ్డించు విద్య చిత్రములతో పుట్టినది కాదు. అది నాటకమంత పాతది.

ఆ మాలికలో చివరి నాటకమున ఎథీనా దేవత ఏథెన్సు పౌరులను కూర్చుండబెట్టి తీర్పు చెప్పించును. ఆ సభకు ఏరియోపాగస్ అని పేరు. అది నిజముగ నున్న సభయే. క్రీ. పూ. 462వ సంవత్సర ప్రాంతమున ఎఫియాల్టీసు అను నాయకుడు ఆ సభకు గల పెక్కు అధికారములను తొలగించి, హత్యా విచారణాధికారమును మాత్రము మిగిల్చెను. కొలది కాలమునకే ఆతడు హత్యకు గుఱియయ్యెను. ఆ నెత్తురు ఆఱకముందే ఏస్కిలస్ తన నాటకమున అదే సభను చూపెను. అందు ఓట్లు సమానముగ వచ్చినవి. సమానమైనచో ముద్దాయిని విడువవలెను గావున ఒరెస్టీసు విడుదలయ్యెను. మఱి ఎరినీల మాట ఏమి? ఎథీనా వారిని వెడలగొట్టలేదు. బుజ్జగించి, పూజ లిత్తునని మాటయిచ్చి, నగరము క్రిందనే వారికి నివాసము కల్పించెను. పగను చంపుట సాధ్యము కాదు; దానికి న్యాయాసనము క్రింద చోటిచ్చి కూర్చుండబెట్టవలెను. న్యాయము నడచినంతకాలము అది కూర్చుండును. న్యాయము నిద్రించిననాడు అది లేచి నడచును. ఏస్కిలస్ నాటకమునుండి నేను గ్రహించిన పాఠ మిది.

మన పురాణములలోను ఈ తర్కము లేకపోలేదు. ద్రౌపది యుపపాండవులను అశ్వత్థామ నిద్రలో చంపెను. భారతమున సౌప్తికపర్వమునందు ఆమె వాని ప్రాణమును శిరోమణిని కోరి ప్రాయోపవేశమునకు కూర్చుండును. భాగవతమున ప్రథమస్కంధమునందు అదే ద్రౌపది, కట్టి తెచ్చిన అశ్వత్థామను విడువుమనును. తనవలె వాని తల్లి కృపి యేడ్వరాదని ఆమె వాదము. రెండు గ్రంథములలోను స్త్రీ ఒకతెయే, పోయిన బిడ్డలును వారే. మిగిలిన తల్లి మనస్సు ఏ వైపు మొగ్గునో మన పూర్వులును ఒకే తీర్పుగ చెప్పలేదు. రెండింటిని మన చేతికిచ్చిపోయిరి.

ఇక ఇంగ్లాండు. ఎలిజబెత్తు రాణి కాలమున, 1580వ దశకపు ప్రాంతమున, థామస్ కిడ్ అను కవి 'స్పానిష్ ట్రాజెడీ' అను నాటకమును వ్రాసెను. అది 1592లో అచ్చయ్యెను. అందు హీరోనిమో అను వృద్ధుడు స్వయముగ న్యాయాధికారి. రాజబంధువులు ఆతని కుమారుని చంపి తోటలో వ్రేలాడగట్టిరి. పరుల తగవులకు తీర్పు చెప్పువానికి తన తగవు వినువాడు లేడు. కొడుకు హత్యను గూర్చి అర్జీ పట్టుకొని మఱియొక ముసలివాడు ఆతని యొద్దకే రాగా, తన ముఖమునే అద్దమున చూచినట్లయి ఆతనికి మతి చలించును.

ఆ నాటకముననే కటికచేదు హాస్యము గల యొక ఘట్టము కలదు. హంతకులకు తోడ్పడిన సేవకుడొకడు ఉరికంబము నెక్కును. ఆతని యజమాని, క్షమాపణ పత్రము ఈ పెట్టెలో నున్నదని చెప్పి పెట్టె నిచ్చి ఒక కుఱ్ఱవానిని పంపును. తెఱవవద్దన్నను కుఱ్ఱవాడు ఆశపట్టలేక త్రోవలో తెఱచి చూచును. అందేమియు లేదు. ఐనను వాడు ఆ పెట్టెను పట్టుకొని వచ్చి నిలుచుండును. ఉరికంబముపై నున్నవాడు ఆ పెట్టెను నమ్ముకొని తలారితో పరిహాసములాడుచు, పరిహాసములాడుచునే వ్రేలాడును. ప్రేక్షకుడు నవ్వును, నవ్వినందుకు సిగ్గుపడును. న్యాయము పెద్దలచేతిలో నున్న మూసిన పెట్టె యనియు, లోపల నేమున్నదో బీదవానికి చూపరనియు ఆ నవ్వు చెప్పును. ఆ యురికి అధ్యక్షత వహించినవాడు హీరోనిమోయే. పెట్టె యొక్క మోసము తెలియక ఆతడు తీర్పును నడపించును.

ఆ పిమ్మట షేక్‌స్పియరు ఈ త్రోవనే నడచెను. 'టైటస్ ఆండ్రోనికస్' అను నాటకమున, కొడుకుల తలలను చేతికి తెచ్చియిచ్చినపుడు తండ్రి పకపక నవ్వును. ఏడ్చుటకు కన్నీరు మిగులలేదు గనుక. 'హామ్లెట్' నాటకమున గోరీ త్రవ్వువారు పుఱ్ఱెలను విసరుచు పాటలు పాడుదురు. ఆ గోరీ యెవరిదో తెలియక హామ్లెట్టు వారితో చతురోక్తు లాడును. అది తాను ప్రేమించిన పడుచుది యని తెలియుట తరువాతి మాట.

ఈ విద్య ఐర్లండునకు ప్రాకెను. 1907వ సంవత్సరము జనవరిలో డబ్లిన్ నగరమున ఆబీ నాటకశాలయందు జాన్ సింజ్ అను నాటకకర్త 'ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్' అను నాటకమును ఆడించెను. తండ్రిని చంపితినని చెప్పుకొనిన యువకుని ఒక పల్లె వీరునిగ కొలుచును. చచ్చిన తండ్రి తలకు కట్టుతో నడచివచ్చును. పల్లెప్రజలను పరిహసించెనని జనులు నాటకశాలలో గొడవ చేసిరి. ఆ సంప్రదాయమునకు వారసుడు మార్టిన్ మక్‌డొనా. ఆతడు 1970లో లండనున పుట్టెను, తల్లిదండ్రులు ఐరిషువారు. 1996లో గాల్వే పట్టణమున ప్రదర్శింపబడిన 'బ్యూటీ క్వీన్ ఆఫ్ లీనేన్' నాటకముతో ఆతనికి పేరు వచ్చెను. 2001లో ఆడిన 'లెఫ్టినెంట్ ఆఫ్ ఇనిష్మోర్' అను నాటకమున ఒక పిల్లి చావునకు పగ తీర్చుకొనబోయి మనుష్యులు వరుసగ చత్తురు. పగ యెంత మతిలేనిదో చూపుటకు ఆతడు ఎన్నుకొన్న వేషము ప్రహసనము.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో బస్సుమీద ప్రయాణము చేయుచు, తేలని నేరమొకదానిని గూర్చి ఎవరో పెట్టించిన ప్రకటన ఫలకములను చూచితినని మక్‌డొనా చెప్పియున్నాడు. ఇంతటి కోపమును శోకమును పెట్టుకొని వానిని నిలిపినవారెవ్వరా యని ఆతడు చాలకాలము తలపోసెను. ఆ వ్రాయించినది ఒక తల్లి యని యూహించిన తోడనే కథ నడచినదట. ఆ తల్లి వేషమును ఫ్రాన్సెస్ మక్‌డోర్మండ్ అను నటి ధరించెను. 2018 మార్చి 4వ తేదీన ఆమెకు ఉత్తమనటిగ ఆస్కారు బహుమతి వచ్చెను. డిక్సన్ అను మొఱటు పోలీసు వేషము వేసిన సామ్ రాక్‌వెల్‌కు సహాయనటుని బహుమతి వచ్చెను.

మిగిలిన కథకు మరల వత్తము. స్టేషనులో విల్లబీ మిల్‌డ్రెడ్‌ను విచారించుచు గట్టిగ మాటాడుచుండును. ఇరువురును ఒకరినొకరు మాటలతో పొడుచుకొనుచుందురు. అంతలో ఆతనికి దగ్గు వచ్చి నోటి నెత్తురు ఆమె ముఖముమీద చిందును. ఆతడు నివ్వెఱపోయి, కావలెనని చేయలేదనును. ఆమె బిడ్డను లాలించు కంఠముతో, నాకు తెలియునని యోదార్చి, సాయము తెచ్చుటకు లేచును. క్షణము క్రిందటి శత్రుత్వ మెచటికి పోయినది? పోలేదు, దాని క్రింద మఱియొకటి యున్నది. ఈ చిత్రమునకు ప్రాణము ఆ ఘట్టమే యని నా తలంపు.

విల్లబీ రోగముతో తీసికొనుటకు ఇష్టపడక ప్రాణము తీసికొనును. చనిపోవుటకు ముందు ముగ్గురికి లేఖలు వ్రాయును. మిల్‌డ్రెడ్‌కు వ్రాసిన లేఖలో, ఆమె ఫలకముల మఱుసటి నెల అద్దె తానే కట్టితినని తెలుపును. తన్ను నిందించు ఫలకమునకు తానే సొమ్ము చెల్లించి పోవుట! నవ్వవలెనో యేడ్వవలెనో తెలియదు. కాని ఊరు ఆమెనే హంతకినిగ చూచును. డిక్సన్ ఆగ్రహముతో ఫలకములను అద్దెకిచ్చిన యువకుని మేడమీదినుండి వీధిలోనికి త్రోసి ఉద్యోగము పోగొట్టుకొనును. పిమ్మట ఎవరో ఫలకములను తగులబెట్టుదురు. పోలీసులే చేసిరని నమ్మి మిల్‌డ్రెడ్ రాత్రివేళ పోలీసు స్టేషనుకు నిప్పంటించును. లోపల డిక్సన్ కూర్చుండి విల్లబీ లేఖను చదువుచుండును. మంటలలో నుండి ఆతడు బయటికి దూకునపుడు గుండెకు హత్తుకొని తెచ్చునది ఆమె కూతురి కేసు కాగితములనే. ఫలకములను తగులబెట్టినది పోలీసులు కారు; ఆమెను విడిచిపోయిన భర్త త్రాగిన మత్తులో చేసిన పని. ఆమె పగ గుఱి తప్పినది. గుఱి తప్పుట పగకు సహజము.

కాలిన డిక్సన్‌ను వైద్యశాలలో చేర్చిరి. ప్రక్క మంచముమీద వాడు త్రోసివేసిన యువకుడే యుండెను. కట్లు చుట్టియున్న యీ రోగి యెవరో తెలియక ఆతడు ధైర్యము చెప్పును. తెలిసిన పిమ్మట ఏడ్చును, కోపించును. చివరకు లేచి, కిత్తలిపండ్ల రసము గ్లాసులో పోసి, త్రాగుటకు వీలుగ గొట్టమును వాని నోటివైపు త్రిప్పి పెట్టును. ఏ న్యాయస్థానమును విధింపలేని పని యది.

ఈ చిత్రమును అందఱును మెచ్చలేదు. డిక్సన్ చెఱలోని నల్లజాతివానిని హింసించెనన్న అపవాదు కథలో కలదు. ఆ హింసపడినవానికి తెరమీద ముఖము గూడ చూపక, హింసించినవాని మాఱుమనస్సునకే చోటిచ్చిరని కొందఱు విమర్శకులు గట్టిగ చెప్పిరి. 2014లో అదే మిస్సోరీ రాష్ట్రమున ఫెర్గూసన్ పట్టణమందు ఒక పోలీసువాని తుపాకికి నల్లజాతి యువకుడు బలియైన సంగతి జనులు మఱువలేదు. ఆ విమర్శ తోసివేయదగినది కాదు. ఒక తల్లి దుఃఖమును వినిపించు కథ, మఱియొక తల్లి దుఃఖమును వినక పోయిన దన్నమాట.

చిత్రము వెలువడిన పిమ్మట జరిగిన దొకటి చెప్పవలెను. లండన్ నగరమున గ్రెన్‌ఫెల్ టవర్ అను 24 అంతస్తుల నివాస భవనము 2017 జూన్ 14వ తేదీన కాలిపోయి 72 మంది మరణించిరి. 2018 ఫిబ్రవరిలో ఆ బాధితుల పక్షము వహించినవారు మూడు వాహనములమీద ఎఱ్ఱని ఫలకములు నిలిపి, ఆ చిత్రములోని వరుసనే ప్రశ్నలు వ్రాయించి నగర వీధులలో త్రిప్పిరి. అదే మాసమున అమెరికాలోను పాఠశాలలో తుపాకికి బలియైన బిడ్డలకొఱకు మూడు వాహనములు అట్లే తిరిగెను. కల్పితమైన ఊరిలో కల్పితయైన తల్లి చేసిన పని నిజమైన దుఃఖమునకు భాష యయ్యెను.

కథ ఎట్లు ముగిసెనని శ్రోతలు అడుగవచ్చును. మద్యశాలలో నొకడు తాను చేసిన యిట్టి ఘోరమును గూర్చి గొప్పలు చెప్పుకొనగా డిక్సన్ వినును. తన్నులు తిని మఱీ వాని చర్మమును గోళ్లతో గీఱి పరీక్షకు పంపును. వాడు మిల్‌డ్రెడ్ కూతురిని చంపినవాడు కాడని తేలును. ఐనను వాడు ఎవరికో అపకారము చేసినవాడే యని నమ్మి, డిక్సన్, మిల్‌డ్రెడ్ కారులో తుపాకి పెట్టుకొని వాని యూరికి బయలుదేరుదురు. త్రోవలో ఆమె, స్టేషను తగులబెట్టినది నేనే యనును. మఱెవరు చేయుదురని ఆతడనును. ఆమె ముఖమున నవ్వు వంటిది మెదలును. చంపుట నిశ్చయమేనా యని అడుగుకొని, నిశ్చయము కాదనియు త్రోవలో ఆలోచింపవచ్చుననియు అనుకొందురు. కథ అచటనే నిలుచును.

ఏస్కిలస్ పగకు న్యాయాసనము క్రింద చోటు చూపెను. మక్‌డొనా న్యాయాసనము ఖాళీగ నున్న లోకమును చూపి, పగ పట్టిన యిద్దఱికి ఒక పొడుగాటి త్రోవను మాత్రమిచ్చెను. ఆ త్రోవ ఆలోచనకు చాలినంత పొడుగున్నదని ఆతని ఆశ కాబోలు.

ఊళ్లలో తగవులు వినుచు వచ్చిన పెద్దలకు నేను క్రొత్తగ చెప్పవలసినదేమియు లేదు. విల్లబీ దోషి కాడు. సాక్షులు లేరు, నెత్తుటి పరీక్షలు ఎవరితోను సరిపోలలేదు. ఆ మాట ఆతడు ఆ తల్లికి చెప్పెను గూడ. కాని ఫలకములు లేచిన పిమ్మట చెప్పెను. ఏడు నెలలు మౌనముగ నుండి తరువాత చెప్పిన నిజము సాకువలె వినిపించును. హంతకుడు దొరకకపోవచ్చును, దొరకలేదను మాటను ఆమె గడప యొద్దకు పోయి చెప్పుటకు మాత్రము ఎవరి సాక్ష్యమును అవసరము లేదు. ఆ మాట సకాలమున అందినచో ఆ మూడు ఫలకములు ఇంకను పాడుపడియే యుండెడివేమో.